వన్స్‌మోర్ వద్దన్న సభ

మా కేంద్రంలో ఇప్పుడు పనిచేస్తున్న పిల్లలు మొన్న ఫోన్ చేసి, "మేడం, మీ సర్వీసులో బాగా జరిగిన ప్రోగ్రాం ఒకటి రాసివ్వండి, మాకు పనికొస్తుంది" అన్నారు. బాగా జరిగినవి నాకెక్కడ గుర్తుంటాయి? మైకు పనిచేసింది, వక్త వేళకొచ్చాడు, సమోసాలు సరిపోయాయి, నేను ఇంటికెళ్ళి పడుకున్నాను. అంతే కదా! గుర్తుండేవన్నీ పీకల మీదికి వచ్చినవే. అందుకని పీకల మీదికి వచ్చి, పైనున్న దేవుడి దయవల్ల పక్కకు తప్పుకున్న ఒక సభ గురించి రాస్తున్నాను. పనికొస్తుందో లేదో మీరే చూసుకోండి.

రాజమహేంద్రవరంలో మా విశ్వవిద్యాలయం వాళ్ళు ఊరి జనం కోసం పెట్టిన కళల కేంద్రం అది. ప్రవేశం ఉచితం. నెలకో సభ. ఒక నెల పాత శాసనాల మీద ఉపన్యాసం, ఒక నెల లేసు అల్లే ఆడవాళ్ళతో ముచ్చట్లు, ఇంకో నెల కీర్తనలు. వచ్చేవాళ్ళలో రిటైరైన ఉద్యోగులు సగం, హాజరు కోసం లెక్చరర్లు తోలుకొచ్చిన విద్యార్థులు సగం. టీ కోసం వచ్చేవాళ్ళు రెండు సగాల్లోనూ ఉంటారు. ఈ సభలన్నీ నడిపే బాధ్యత నాది. కుర్చీలు నేనే, కండువాలు నేనే, ముఖ్య అతిథిగారికి చక్కెర లేని టీ నేనే. వెనకాల నన్ను హెడ్మాస్టరమ్మ అనేవారు. తెలుసు. నాకు పెద్దగా అభ్యంతరం లేదు కూడా.

నాతో ముఖ్యంగా ఇద్దరుండేవారు. ఒకరు డైరెక్టరు గారు. తత్వశాస్త్రం ప్రొఫెసరు. గట్టిగా దగ్గవలసి వస్తే బయటికెళ్ళి దగ్గి వచ్చే మనిషి. ఆయన గొంతు పెంచడం నా సర్వీసులో నేను వినలేదు, ఒక్కసారి తప్ప. ఆ సంగతికి వస్తాను. రెండోవాడు మా రికార్డింగ్ ఆయన. హాలు చివర చిన్న బల్ల, దాని మీద మిషన్లు, చెవులకు పెద్ద హెడ్‌ఫోన్లు. సభ మొదలైతే ఈ లోకంతో ఆయనకు సంబంధం లేదు. వక్త ఏం చెప్పాడో ఆయనకు అక్కర్లేదు, ఎలా వినబడిందో కావాలి. ప్రపంచంలో మనుషులంతా తన రికార్డింగు పాడుచేయడానికే పుట్టారని ఆయన గట్టి నమ్మకం.

ఆ నమ్మకానికి ఆధారం కూడా ఉంది. శాసనాల మీద ఒక పెద్దాయన ఉపన్యాసమిస్తే, తర్వాత వింటే అందులో శాసనాల కంటే మూడో వరుసలో ఎవరో జంతికలు నమిలిన చప్పుడే స్పష్టంగా ఉంది. మధ్యమధ్యలో ఫోన్లు. ఒకరి ఫోను సుప్రభాతం, ఒకరిది కోడికూత.

"మేడం, ఇది శాసనాల మీద ఉపన్యాసం కాదండి, జంతికల మీద ఉపన్యాసం" అన్నాడు మా రికార్డింగ్ ఆయన. "ఇలాగైతే నేను ఇంట్లో కూర్చుంటానండి. పెళ్ళి వీడియోలు తీసుకుంటే గౌరవంగా ఉంటుంది."

ఆ మాట నాకు గుచ్చుకుంది. మర్నాడే కార్డులు అచ్చు వేయించాను. "దయచేసి నిశ్శబ్దం పాటించండి. ఫోన్లు ఆపివేయండి. చప్పట్లు కార్యక్రమం చివర మాత్రమే." ప్రతి కుర్చీలో ఒకటి. కూర్చోవాలంటే కార్డు చేతిలోకి తీసుకోవాల్సిందే, తీసుకుంటే చదవాల్సిందే. తలుపులు కూడా మూయించేదాన్ని. రెండు నెలల్లో మా హాలు ఎంత బాగుపడిందంటే, చీమ చిటుక్కుమంటే మా రికార్డింగ్ ఆయన ఆ చీమ కోసం వెతికేవాడు. డైరెక్టరు గారు మీటింగులో నన్ను మెచ్చుకున్నారు. నేను కాస్త పొంగాను, అబద్ధమెందుకు.

ఆ రోజుల్లోనే ద్రాక్షారామం దగ్గర పల్లెలో ఉన్న ఒక పద్యనాటకం నటుడి గురించి డైరెక్టరు గారి చెవిన పడింది. ఒకప్పుడు ఆయన రాజు వేషం కడితే పక్క ఊళ్ళ నుంచి బళ్ళు కట్టుకుని వచ్చేవారట. ఆయన గురువు తమ నాటక సమాజం కోసం సొంతంగా ఒక నాటకం రాసుకున్నారు. అది ఎక్కడా అచ్చుకాలేదు. గురువు పోయారు, సమాజం పోయింది, పద్యాలు మటుకు ఈయన గొంతులో ఉండిపోయాయి. ఆ గొంతుకే ఏదో గడ్డ లేచి, ఆపరేషనైందని తెలిసింది.

"ఆ పద్యాలు ఆయనతోటే పోకూడదండి. మన సభలో పాడిద్దాం, శుభ్రంగా రికార్డు చేద్దాం" అన్నారు డైరెక్టరు గారు.

పిలవడానికి నేనే వెళ్ళాను. మనవైపు కళాకారుణ్ణి ఫోనులో పిలిస్తే మర్యాద కాదు కదా. పళ్ళూ తాంబూలం పట్టుకుని వెళ్ళాను. ఆయన వీధరుగు మీద కూర్చుని ఉన్నాడు. నల్లగా, పొడుగ్గా, మెడ చుట్టూ తువ్వాలు. నేను చెప్పిందంతా విని, వీధిలోకి చూస్తూ మెల్లగా అన్నాడు.

"డాక్టరు పాడుకోవచ్చన్నాడమ్మా. ఇంట్లో పాడుకుంటున్నాను. గోడలు బాగానే ఉందంటున్నాయి. గోడల మాటకేం లెక్క? జనం చెప్పాలి."

"చెప్తారండి. తప్పకుండా చెప్తారు" అన్నాను.

ఆయన ఒప్పుకున్నాడు. వాళ్ళావిణ్ణి నేను పిన్నిగారూ అని పిలవడం మొదలుపెట్టాను. ఆవిడ గుమ్మం దాకా సాగనంపడానికి వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, నీకో మాట చెప్పాలి. ఆపరేషనైన కాణ్ణించీ ఈ మనిషి మాటే మానేశాడు. తిన్నావా అంటే ఊఁ, పడుకుంటావా అంటే ఊఁ. నాటకానికి పిలవడానికి ఎవరొచ్చినా గొంతు పోయిందని పంపించేస్తున్నాడు. నువ్వొచ్చావని ఎందుకో ఒప్పుకున్నాడు. మీ సభలో జనం బాగుందంటే సరే. అనకపోతే మరి జన్మలో రంగు ముట్టుకోనని ఒట్టేసుకున్నాడు. రంగు లేకపోతే ఈ మనిషి లేడమ్మా. ఆ అరుగు మీదే ఎండిపోతాడు."

"మీరేం బెంగ పెట్టుకోకండి పిన్నిగారూ. మా జనం మంచివాళ్ళు. చప్పట్లతో హాలు ఎగిరిపోతుంది చూడండి" అన్నాను.

చివర్లో, అని మనసులో అనుకున్నాను. కార్డు ప్రకారం.

ఇక్కడ మీ తరానికి ఒక సంగతి చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. మన గోదావరి జిల్లాల్లో పద్యనాటకం చూసే పద్ధతి వేరు. పద్యం బాగుంటే జనం చప్పట్లతో సరిపెట్టరు. "వన్స్‌మోర్!" అని కేకేస్తారు. నటుడు ఆ పద్యం మళ్ళీ ఎత్తుకోవాలి. ఇంకా బాగుంటే ఇంకోసారి. కథ ఆగిపోతుందని ఎవరికీ బెంగ లేదు, కథ అందరికీ తెలిసిందే. యుద్ధంలో చచ్చిపడినవాడు వన్స్‌మోర్ కోసం లేచి, పద్యం పాడి, మళ్ళీ పడి చచ్చిపోవడం చిన్నప్పుడు మా అమ్మ ఒళ్ళో కూర్చుని నేను కళ్ళారా చూశాను. హార్మోనియం ఆయన కూడా పద్యం అయ్యాక శ్రుతి వెంటనే ఆపడు. కాసేపు అలా పట్టి ఉంచుతాడు. అది జనానికి వదిలిన జాగా. ఆ జాగాలోంచే కేక రావాలి.

ఇదంతా తెలిసినదాన్నే కదా నేను! అయినా నా బుర్రకు తట్టలేదు. ఊళ్ళో నాటకం ఊళ్ళో నాటకం, యూనివర్సిటీ సభ యూనివర్సిటీ సభ అని లోపల ఎక్కడో గోడ కట్టుకున్నాను. డైరెక్టరు గారిదీ అదే గోడ. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అది మా కేంద్రం గురించే పుట్టిన సామెతేమో.

సభ రోజు సాయంత్రం హాలు నిండిపోయింది. మామూలుగా రాని వాళ్ళు కూడా వచ్చారు. పల్లెల నుంచి పాత నాటకాల పిచ్చివాళ్ళు, తెల్లపంచెలు, భుజాన కండువాలు. తలుపు దగ్గర నిలబడి నేను ఒక్కొక్కరికీ కార్డు చూపించి మరీ లోపలికి పంపాను. ఒకాయన, రిటైరైన తహసీల్దారట, కార్డు రెండుసార్లు చదివి, "ఏంటమ్మా, నాటకానిక్కూడానా ఇది?" అన్నాడు.

"అవునండి, రికార్డింగు ఉంది. పద్యాలు ఎక్కడా అచ్చులో లేవు, చాలా విలువైనవి. దయచేసి సహకరించండి" అన్నాను.

"అలాగే తల్లీ. చదువుకున్నవాళ్ళ చోటు" అని ఆయన కార్డుకు దణ్ణం పెట్టినంత పని చేసి వెళ్ళి కూర్చున్నాడు. నాకు అప్పుడైనా వెలగాలా వద్దా?

డైరెక్టరు గారు మైకులో స్వాగతం చెప్పి, నిశ్శబ్దం గురించి మరోసారి మెత్తగా విన్నవించారు. తెర లేచింది.

రాజు వేషంలో ఆయన వచ్చి నిలబడగానే నాకు ఒళ్ళు పులకరించింది. అరుగు మీద చూసిన మనిషి కాదు. కిరీటం, భుజకీర్తులు, బుగ్గల మీద గులాబి రంగు. పక్కన హార్మోనియం మేష్టారు. ఇద్దరూ జీవితమంతా కలిసి తిరిగిన స్నేహితులు, ఒరేయ్ అంటే ఒరేయ్. ఏకపాత్ర అది. యుద్ధంలో ఓడి, అంతా పోగొట్టుకున్న రాజు ఒంటరిగా నది ఒడ్డుకు వచ్చి పడవవాడితో మాట్లాడతాడు. పడవవాడు రంగం మీద ఉండడు, మనమే ఊహించుకోవాలి.

మొదటి పద్యం ఎత్తుకున్నాడు. నేను రంగం పక్కన తెర చాటున నిలబడి ఉన్నాను, పిన్నిగారు నా పక్కనే స్టూలు మీద. గొంతు బాగుంది. మునుపటంత కంచు కాదేమో, నేను మునుపు వినలేదు కాబట్టి చెప్పలేను. పద్యం చివర రాగం తీసి, గాలిలో చెయ్యి చాచి ఆగాడు. మేష్టారు శ్రుతి పట్టి ఉంచాడు.

హాల్లో ఒక్క చప్పుడు లేదు. మా కార్డు అంత బాగా పనిచేసింది.

మేష్టారు శ్రుతి ఇంకాస్త సాగదీశాడు. జనం వైపు చూశాడు, నా వైపు చూశాడు. ఆయన కనుబొమ్మలు రెండూ పైకి పోయాయి. నేను, బాగా సాగుతోందనుకుని, ఆయనకు బొటనవేలు పైకెత్తి చూపించాను. ఆయన నన్ను చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు.

రెండో పద్యం. ఈసారి రాజు గొంతులో ఏదో తేడా వచ్చింది. తొందర. రాగం తీయవలసిన చోట తీయకుండా దాటేశాడు. పద్యం అయ్యాక మళ్ళీ ఆగాడు, ఈసారి చెయ్యి చాచలేదు. మళ్ళీ అదే నిశ్శబ్దం. పిన్నిగారు నా మణికట్టు పట్టుకుంది.

"ఏంటమ్మా ఇది? ఒక్కడంటే ఒక్కడు వన్స్‌మోర్ అనట్లేదేంటి? ఇంతమంది ఉండి ఒక్కడు కూడా!" ఆవిడ కళ్ళనిండా నీళ్ళు. "అయిపోయిందమ్మా. నిజంగానే పోయిందన్నమాట గొంతు."

అప్పుడు పడింది నా గుండెల్లో రాయి. జనం చెప్పాలన్నాడే ఆయన, జనం ఎలా చెప్తారు? చివర్లో మర్యాదగా కొట్టే చప్పట్లతోనా! ఆయనకు తెలిసిన ఒకే ఒక్క భాషను నేను అచ్చు వేయించి మరీ నిషేధించాను. హాలు నిండా జనం నోట మాట లేకుండా కూర్చున్నారు, ఆయనేమో వాళ్ళకు నచ్చలేదనుకుంటున్నాడు.

"పిన్నిగారూ, మీ గొంతు... అదే, ఆయన గొంతు పోలేదండి. మా మూలాన అండి" అని ఏదో గొణిగాను. ఆవిడ వినే స్థితిలో లేదు.

ఆయన మంచినీళ్ళకని తెర చాటుకు వచ్చాడు. మమ్మల్ని చూడకుండా, "కట్టేద్దాం. చాలు" అని కిరీటం మీద చెయ్యి వేశాడు.

వెనకే హార్మోనియం మేష్టారు వచ్చాడు, నోట్లో కిళ్ళీతో, మొహం ఎర్రగా. "ఒరేయ్, గురువుగారి పడవ పద్యం పాడకుండా నువ్వు కిరీటం తీస్తే నేను ఊరుకోను. ఎవడు విన్నా వినకపోయినా అది ఆయనకి బాకీ. ముందు అది పాడు, తర్వాత నీ ఇష్టం, గోదాట్లో పారేసుకో."

"సరే. అదొక్కటి పాడి దణ్ణం పెట్టేస్తాను. పెద్దాయన కోసం" అన్నాడు. గుటక వేస్తే నొప్పి పుట్టినట్టు గొంతు పట్టుకున్నాడు.

నేను అక్కడ ఆగలేదు. తెర వెనక నుంచి మెట్లు దిగి, ముందు వరుసలో ఉన్న డైరెక్టరు గారి పక్కన గొంతుక్కూర్చున్నాను.

"సార్, కొంప మునిగింది. మన కార్డులు తీసేయాలి, ఇప్పుడే."

"ఏమైందండీ? ఎంతో బాగా సాగుతోందిగా" అన్నారాయన. నేను నాలుగు ముక్కల్లో చెప్పాను. ఆ మనిషి మొహం తెల్లబోయింది. "అయ్యో, అయ్యో" అని రెండుసార్లు అని, "మైకులో చెప్పేస్తానండి. వన్స్‌మోర్ అనవచ్చని ప్రకటిస్తాను" అని లేవబోయారు.

నేను ఆయన చొక్కా పట్టుకుని కూర్చోబెట్టాను. డైరెక్టరు చొక్కా పట్టుకుని లాగిన ఉద్యోగిని మా విశ్వవిద్యాలయంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను. "వద్దు సార్! అడుక్కుని తెచ్చిన వన్స్‌మోర్ ఆయనకెందుకు? రంగం మీద ఆయన వింటాడు కదా. జాలిపడి అరిచారనుకుంటాడు. అంతకంటే చావు నయం."

ఆయన వెనక్కి తిరిగి వరుసల వైపు చూశారు. "అయితే మనం అడ్డు తీయగలం, అంతేనండి. తర్వాత వాళ్ళ ఇష్టం, ఆయన గొంతు. చప్పుడు కాకుండా కార్డులు వెనక్కి తీసుకోండి" అన్నారు.

సరేనని నేను వంగి వంగి వరుసల్లోకి దూరి, జనం చేతుల్లోంచి కార్డులు లాక్కోవడం మొదలుపెట్టాను. కార్డు లేకపోతే జనానికి నోరు వస్తుందనుకున్నాను. చూశారా నా తెలివి! హెడ్మాస్టరమ్మ వచ్చి చేతిలోది లాక్కుంటే ఎవరైనా ఏమనుకుంటారు? తామేదో తప్పు చేశారనుకుంటారు. ఒకావిడ గాభరాగా, "నేను దగ్గలేదమ్మా, పక్కావిడ" అంది. రిటైర్డు తహసీల్దారు గారైతే రెండు చేతులూ కట్టుకుని మరింత బిగుసుకుపోయి కూర్చున్నాడు. నేను నడిచిన చోటల్లా హాలు ఇంకా నిశ్శబ్దమైపోయింది. మూలిగే నక్క మీద తాటిపండు వేసి వచ్చాను.

ఈలోగా రాజు రంగం మీదికి వచ్చేశాడు. నేను హాలు మధ్యలో, చేతినిండా కార్డులతో నిలబడిపోయాను. నేను అరవనా? అరవగలను. కాని నేను పిలిచినదాన్ని, నా కేకకు విలువ లేదు. సభకు పిలిచినావిడ అరిస్తే అది కండువా కప్పడం లాంటిదే. నోరు మూసుకుని మొక్కుకోవడం తప్ప నేను చేయగలిగింది ఏమీ లేదు. అంత నిస్సహాయంగా నేను ఏ సభలోనూ నిలబడలేదు.

పడవ పద్యం. అందులో రాజు పడవవాణ్ణి అడుగుతాడు, ఈ ఒడ్డు నాది కాదు, ఆ ఒడ్డు నాది కాదు, నన్నెక్కడ దింపుతావు నాయనా అని. మాటలు అంతే, చాలా మామూలు మాటలు. ఈసారి ఆయన ఎవరినీ చూడలేదు. జనం లేరన్నట్టే పాడాడు, మెప్పించాలని కాక, గురువుకు అప్పజెప్పి పోదామన్నట్టు. చివర "నాయనా" దగ్గర రాగం ఎత్తుకుని పైకి వెళ్ళాడు. ఇంకా పైకి. అక్కడ గొంతు జీరపోయింది. ఒక్క క్షణం సన్నగా చీలినట్టై, ఆగిపోతుందేమో అనిపించి, ఆ చీలికలోంచే మళ్ళీ నిలబడి మెల్లగా కిందికి దిగింది. ఆయన మొహం చూశాను. చీలిన సంగతి ఆయనకూ తెలుసు. కళ్ళు మూసుకున్నాడు.

మేష్టారు శ్రుతి పట్టాడు. జాగా వదిలాడు. ఎవరూ కదల్లేదు. ఆయన కళ్ళు తెరిచి, దణ్ణం పెట్టడానికి రెండు చేతులూ ఎత్తాడు.

"వన్స్‌మోర్!"

ఎంత కేకండీ అది! హాలు చివర్నుంచి వచ్చింది. చెవులకు హెడ్‌ఫోన్లు ఉన్నవాడికి తానెంత గట్టిగా అరుస్తున్నాడో తెలియదు కదా. మా రికార్డింగ్ ఆయన! బల్ల వెనక లేచి నిలబడి, హెడ్‌ఫోన్లు చెవులకు అలాగే ఉండగా, చెయ్యి పైకెత్తి అరిచాడు. అరిచిన మరుక్షణం తానేం చేశాడో తెలిసి, తన మిషన్ల వైపు చూసి, రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. ఆయనకు పిన్నిగారి సంగతి తెలియదు, ఒట్టు సంగతి తెలియదు, నేను డైరెక్టరు చొక్కా లాగిన సంగతీ తెలియదు. ఆ హాల్లో ఆయనకు తెలిసిందల్లా చెవిలో పడిన ఆ పద్యం ఒక్కటే.

ఆ తర్వాత గట్టు తెగింది. తహసీల్దారు గారు కుర్చీ మీదికి ఎక్కినంత పని చేసి, "వన్స్‌మోర్! వన్స్‌మోర్!" అని కండువా తిప్పుతున్నాడు. తెల్లపంచెలన్నీ లేచాయి. పిల్లలు ఈలలు. ముందు వరుసలో డైరెక్టరు గారు కూడా లేచి, ఒక చెయ్యి కొంచెంగా ఎత్తి, తన జన్మలో మొదటిసారి గొంతు పెంచి, "వన్స్‌మోర్ అండి" అన్నారు. అండి చేర్చకుండా ఆయనకు నోరు రాదు మరి.

రంగం మీద ఆయన ఎత్తిన చేతులు అలాగే ఉండిపోయాయి. మేష్టారి వైపు తిరిగాడు. మేష్టారు కిళ్ళీ నోటితో ఇంత నవ్వు నవ్వి, "ఎత్తుకోరా, చూస్తావేం!" అన్నాడు, అది మైకులో అందరికీ వినబడింది. నేను తెర వైపు చూశాను. పిన్నిగారు కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది, నవ్వుతోంది. నా చేతిలో కార్డులన్నీ కింద పడిపోయాయి. ఎవరిదో కుర్చీలో కూర్చుండిపోయాను. హమ్మయ్య అనే మాట ఎందుకు పుట్టిందో ఆ పూట తెలిసింది.

ఆ పద్యం మళ్ళీ పాడాడు. ఇంకోసారి పాడించారు. ముందు పాడేసిన రెండు పద్యాలకు కూడా జనం వెనక్కి వెళ్ళి వన్స్‌మోర్ వసూలు చేసుకున్నారు. రాజు పడవెక్కడానికి అంత ఆలస్యం ఏ నాటకంలోనూ అయ్యుండదు. సమోసాలు చల్లారిపోయాయి, ఎవరూ అడగలేదు. సభ అయ్యాక తహసీల్దారు గారు నా దగ్గరికి వచ్చి, "మొదటి పద్యానికే కండువా నోట్లో కుక్కుకున్నానమ్మా. ఊపిరాడక చచ్చాను. మళ్ళీ ఇలాంటి శిక్ష వేయకు తల్లీ" అన్నాడు.

అందరూ వెళ్ళాక రాజు రంగం దిగి, కిరీటం చంకలో పెట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. మొహం మీద రంగు చెమటకు కరిగి చారలు కట్టింది.

"అమ్మా, నిజం చెప్పు. ఆ మొదటి కేక ఎవరిది? మీరు పెట్టించిన మనిషి కాదు కదా?"

నేను హాలు చివర వైర్లు చుట్టుకుంటున్న మనిషిని చూపించాను. ఆయన నేరుగా అక్కడికి నడిచాడు. వెనకాలే పిన్నిగారు, మేష్టారు, నేను. మా రికార్డింగ్ ఆయన మమ్మల్ని చూసి, తిట్టడానికి వస్తున్నామనుకుని లేచి నిలబడ్డాడు.

"సారీ అండి. నోరు జారిందండి. మీ పద్యం పాడుచేశాను. ఎప్పుడూ ఇలా జరగలేదండి, మేడం గారిని అడగండి."

"పద్యం సంగతి తర్వాత. ఎక్కడ పట్టుకుంది నిన్ను? అది చెప్పు నాయనా" అన్నాడు ఆయన.

మా రికార్డింగ్ ఆయన చేతిలో వైరు బల్ల మీద పెట్టేశాడు. రాగాలూ తాళాలూ తెలిసిన మనిషి కాదు. "ఆ చివర్న, పైకెళ్ళారు చూడండి. అక్కడ మీ గొంతు చీలిందండి. నేను అయిపోయిందనుకున్నాను. అయిపోలేదు. మళ్ళీ నిలబడింది. అక్కడ నాకు ఒళ్ళు జలదరించిందండి. నాకు తెలీకుండానే లేచిపోయాను."

ఆయన చెయ్యి మెడ మీదికి పోయింది, తువ్వాలు కప్పుకునే చోటికి. ఆ చీలికను దాచడానికే ఇన్నాళ్ళూ ఇల్లు కదలని మనిషి. "అక్కడా?" అన్నాడు. "అక్కడేనండి" అన్నాడు మావాడు. మేష్టారు వెనక నుంచి, "నేను చెప్తే విన్నావా? విన్నావా నువ్వు?" అని ఆయన వీపు మీద ఒక్కటి చరిచాడు.

రికార్డింగులో ఆ కేక దగ్గర చెవులు చిల్లులు పడేంత మోత. కావాలంటే ఆ ముక్క కోసేస్తానన్నాడు మా రికార్డింగ్ ఆయన, సిగ్గుపడుతూ. డైరెక్టరు గారు ఒప్పుకోలేదు. ఇప్పటికీ మీ దగ్గర ఉండాలి, తీసి వినండి. పద్యనాటకానికి కార్డులు వేయకూడదని మా కేంద్రంలో ఒక నియమం ఉందే, అది ఎందుకు పెట్టారో కొత్తగా చేరినవాళ్ళు అడిగితే ఆ మోత వినిపిస్తే చాలు.

మర్నాడు పొద్దున్నే పిన్నిగారు ఫోన్ చేసింది. నేను భయపడ్డాను, గొంతు నొప్పి పట్టిందేమోనని.

"గొంతు గుండ్రాయిలా ఉందమ్మా, దానికేం కాలేదు" అంది. "కారెక్కిన దగ్గర్నించీ ఈ మనిషి నోరు మూయట్లేదు. ఎవరెలా అరిచారో, ఎక్కడ లేచారో, చెప్పిందే చెప్పడం. కాఫీ తాగుతూ పాడతాడు, స్నానం చేస్తూ పాడతాడు. పక్కింటాళ్ళు వచ్చి కూర్చున్నారు. ఇన్నాళ్ళూ మాట్లాడమని మొక్కుకున్నాను, ఇప్పుడు నా తల పగిలిపోతోంది." వెనకాల ఆయన రాగం తీస్తున్నది నాకు ఫోనులో వినబడుతూనే ఉంది. ఆవిడ గొంతు తగ్గించి అడిగింది. "నిశ్శబ్దంగా ఉండమని నిన్న మీరు అందరికీ ఒక కార్డు పంచారంట కదా? ఒకటి మిగిలితే పంపించు తల్లీ."

పంపించాను. వీధరుగు మీద, ఆయన కూర్చునే చోట గోడకు తగిలించిందట. ఆయన దాని కిందే కూర్చుని పాడుతున్నాడట.